బొగ్గుబాయి, బొంబాయి, దుబాయి: ఎంచుకునేదెవరు?

వలస ఇతివృత్తంగా తెలుగులో కథలు కొల్లలుగా వచ్చాయి, ఇంకా వస్తున్నాయి. కవితలకైతే లెక్కే లేదు. రాశిని చూసి తృప్తిపడి ఊరుకోవడం మాత్రం విమర్శకు తగదని ఈ వ్యాసకర్త అభిప్రాయం. గత పదిహేనేళ్ళుగా జిల్లా స్థాయి కథల పోటీలకూ, కార్యశాలలకూ వచ్చిన రాతప్రతులు చదువుతూ వచ్చిన అనుభవంతో చెబుతున్న మాట ఇది. ఈ కథలు సాధారణంగా రెండే రెండు చోట్ల మొదలవుతాయి. ఒకటి బస్టాండు. రెండోది శంషాబాదు విమానాశ్రయంలో శవపేటిక కోసం ఎదురుచూసే గేటు. పోవడమో, పోయి రావడమో. నడుమ కష్టాలుంటాయి, కన్నీళ్ళుంటాయి, ఊళ్ళో ఎండిన చెరువు ఉంటుంది. కాని బస్టాండుకు రాకముందు ఆ ఇంట్లో ఒక సంగతి తేలి ఉండాలి కదా? ఎక్కడికి పోవాలన్నది ఎవరో, ఎప్పుడో, ఏ లెక్క మీదనో నిర్ణయించి ఉండాలి కదా? ఆ రాత్రి మన కథల్లో లేదనను, బహు అరుదు అంటాను.

ఎందుకు అరుదు? ఇది శిల్పానికి సంబంధించిన చిన్న లోపం కాదనీ, మన దృక్పథంలోనే ఉన్న లోపమనీ నిరూపించడానికి ఈ వ్యాసంలో ప్రయత్నిస్తాను. ఆ లోపంలో నా వాటా కూడా ఉంది. దాన్ని చివర ఒప్పుకుంటాను.

పాత కరీంనగర్ జిల్లాలో ఒక మాట ఉంది: బొగ్గుబాయి, బొంబాయి, దుబాయి. ఊళ్ళో బతుకు గడవని వాడికి ఈ మూడే దిక్కులని అర్థం. ప్రాస బాగుంది కనుక మనం దీన్ని ఉపన్యాసాల్లో విరివిగా వాడుకున్నాం. వాడుకున్నామే తప్ప విప్పి చూడలేదు. విప్పితే ఇందులో ఒక ప్రాంతపు వందేళ్ళ ఆర్థిక చరిత్ర ఉంది. సింగరేణి కంపెనీ ఆ పేరుతో ఏర్పడింది 1920లో. ఊరికి దగ్గరి దిక్కు అది. పండక్కి ఇంటికి రావచ్చు, నాట్లకు రావచ్చు. బొంబాయి అంతకన్నా పాత దారి. అక్కడి కామాఠిపురకు ఆ పేరు తెలంగాణ నుంచి పోయిన కామాటి పనివాళ్ళ వల్లనే వచ్చింది. నగరం కట్టడంలోనూ, మిల్లుల్లోనూ మన వాళ్ళ చెమట ఉంది. భివండీ మరమగ్గాల మీద పద్మశాలీల తరాలు గడిచాయి. 1973 తరువాత చమురు ధర పెరిగి గల్ఫు దేశాలు మేడలు కట్టడం మొదలుపెట్టాక దుబాయి వచ్చి చేరింది. 1982 జనవరిలో దత్తా సామంత్ నాయకత్వాన బొంబాయి మిల్లు కార్మికులు సమ్మెకు దిగారు. ఆ సమ్మె తరువాత మిల్లులు మళ్ళీ కోలుకోలేదు. ఒక తలుపు మూతపడుతున్న కాలానికే ఇంకో తలుపు తెరుచుకుంది. ఇక సింగరేణిలో 1990ల మొదట లక్షకు పైగా ఉన్న కార్మికుల సంఖ్య ఇవాళ 40 వేల దరిదాపులకు దిగింది. తండ్రి గనిలో పనిచేస్తూ జబ్బుపడి అనర్హుడైతే కొడుక్కి దొరికే అవకాశం ఒకటుంది. లేకపోతే కాంట్రాక్టు కూలీ.

అంటే ఆ మూడు మాటల మధ్య ఉన్న కామాలు పక్కపక్కనే ఉన్న మూడు వాకిళ్ళను చూపించడం లేదు, మూడు కాలాలను చూపిస్తున్నాయి. తాత ముందు తెరిచి ఉన్న వాకిలి మనవడి ముందు సగం మూసి ఉంది. ఈ సంగతి చరిత్ర పుస్తకంలో పేరాగా రాయవచ్చు. కథకుడికి మాత్రం అది ఇంటి అరుగు మీద, ఆ ముగ్గురి మాటల్లోనే దొరుకుతుంది. తాత సింగరేణి అంటాడు, తండ్రి భివండీ అంటాడు, మనవడి చేతిలో ఏజెంటు పంపిన వీసా కాగితం ఫోటో ఉంటుంది. ఒకే ఇంట్లో మూడు ఉత్పత్తి దశలు మాట్లాడుకునే సన్నివేశం అది. దాన్ని వదులుకుని మనం బస్టాండుకు పరుగెత్తాం.

ఊరు మారే నిర్ణయాన్ని మన సాహిత్యం ఎలా చూసిందో కాస్త వెనక్కి పోయి చూద్దాం. ‘కన్యాశుల్కం’లో ఆడవాళ్ళ చిరునామాలు మారడమే కథ. సుబ్బి ఎక్కడికి పోవాలో వెలను బట్టి అగ్నిహోత్రావధాన్లు నిర్ణయిస్తాడు. బుచ్చమ్మను ఎక్కడికి తీసుకుపోవాలో గిరీశం నిర్ణయిస్తాడు. ఆఖరికి ఆమెను పూనా పంపే ఏర్పాటు సౌజన్యారావు పంతులు చేస్తాడు. మొదటివాడు లోభి, రెండోవాడు వంచకుడు, మూడోవాడు ఉత్తముడు. ముగ్గురూ ఆమెను అడగరు. ఈ వరసను గురజాడ తెలిసే పెట్టాడని నా నమ్మకం. సంస్కర్త మంచితనాన్ని కూడా ఆయన ఆ వెలుగులో నిలబెట్టాడు. మన విమర్శ సౌజన్యారావు మంచితనం దగ్గర ఆగిపోయి పూనా బండి దాకా వెళ్ళలేదు.

వాసిరెడ్డి సీతాదేవి ‘మట్టిమనిషి’ మరో దారి పట్టింది. సాంబయ్య సంపాదించిన భూమిని కొడుకు, కోడలు పట్నం మోజులో కరిగించుకుంటారు. వ్యవసాయ మిగులు పట్నానికి తరలి సినిమా హాలు వంటి పెట్టుబడిగా మారే క్రమాన్ని అంత బలంగా చూపిన నవల మరొకటి వెంటనే గుర్తురాదు. నవల శక్తిని తక్కువ చేయడం నా ఉద్దేశం కాదు. కాని గుంటూరు పోవాలన్న నిర్ణయం వరూధిని కోరికగా, ఆమె స్వభావ దోషంగా పాఠకుడి మనసులో మిగిలిపోతుంది. ఆ కాలంలో డెల్టా రైతు కుటుంబాల్ని పట్నానికి లాగిన శక్తులన్నీ ఒక ఆడదాని పట్టుదలలోకి కుదించుకుపోతాయి. వెనక్కి వచ్చి మట్టిని చేరిన వాడు మంచివాడు, పోదామన్నది చెడ్డది. ఈ మూస తరువాత వందల కథల్లో మనకు కనిపించింది.

కనుక రెండు మూసలున్నాయి. కాస్త కలిగినవాళ్ళు ఊరు మారితే అది కోరిక, ఇంకా చెప్పాలంటే మోజు. ఏమీ లేనివాళ్ళు మారితే అది విధి. మన అభ్యుదయ రచయితలు ‘విధి’ అనే మాట వాడరు, ‘పరిస్థితులు తరిమాయి’ అంటారు. మాట మారింది కాని కథలో ఆ మనిషి చేసే పని మారలేదు. పాత కథలో దేవుడు తోసిన వాడు, కొత్త కథలో కరువు తోసిన వాడు. రెంటిలోనూ అతను ఆలోచించడు. మూట కట్టుకుని నడుస్తాడు.

తరిమిన మాట అబద్ధమా అని అడగవచ్చు. కాదు. ఉత్తరాంధ్ర నుంచి రంగూను పోయినవాళ్ళను స్టీమరూ, మేస్త్రీ ఇచ్చిన అడ్వాన్సూ కలిసి తీసుకుపోయాయి. అక్కడ వాళ్ళను కోరంగీలన్నారు. 1930లో రంగూను రేవులో అల్లర్లు జరిగితే ముందు దెబ్బలు తిన్నది మన తెలుగు కూలీలు. 1942లో జపాను సైన్యం వస్తుంటే అడవులూ కొండలూ దాటి నడిచి వచ్చిన వేలమందిలో దారిలోనే రాలిపోయినవారు ఎందరో. అక్కడ స్వేచ్ఛగా స్థలం ఎంచుకున్నారని ఎవరూ అనలేరు. అయినా ఒకే ఊరిలో, ఒకే కరువులో, ఒకడు రంగూను స్టీమరెక్కాడు, ఒకడు పొరుగు జిల్లాకు కోతలకు పోయాడు, మూడోవాడు కదలలేదు. కరువు ఒక్కటే అయినప్పుడు దారులు ఎందుకు వేరయ్యాయి? కథ పుట్టేది ఆ ప్రశ్న దగ్గర.

ఇక్కడ నా సంగతి కొంత చెప్పుకోక తప్పదు. 2024లో ఉపాధ్యాయుల బదిలీలు జరిగినప్పుడు నేనూ ఎనిమిదేళ్ళు నిండినవాళ్ళ జాబితాలో ఉన్నాను. బదిలీ సంగతి తెలిసిన మిత్రులకు కొత్తగా చెప్పవలసింది లేదు. ఖాళీల పట్టిక ఇస్తారు. ఊళ్ళను ఇంటి అద్దె భత్యాన్ని బట్టి వర్గాలుగా విడదీస్తారు. సర్వీసుకు పాయింట్లు, మారుమూల పనిచేస్తే మరికొన్ని, భార్యాభర్తలిద్దరూ ఉద్యోగులైతే ఇంకొన్ని. ఆ పట్టిక ముందేసుకుని మూడు రాత్రులు కూర్చున్నాం. ఏ ఊరికి పొద్దున బస్సుంది, అమ్మకు డయాలసిస్ ఎక్కడ దగ్గర, పాపకు ఇంటరు కాలేజీ ఎంత దూరం. ఆప్షన్లు పెట్టాం, చెరిపాం, మళ్ళీ పెట్టాం. మమ్మల్ని ఎవరూ స్వార్థపరులనలేదు, మోజు అనలేదు. మూడో రాత్రి నాకు ఒక రాతప్రతి గుర్తొచ్చింది.

2017లో ఒక కార్యశాలకు మా బడిలోనే పదో తరగతి చదివిన కుర్రవాడు కథ పంపాడు. పన్నెండు పేజీలు. ఎకరంన్నర పొలం, ఎండిన బోరు, అప్పు ఉన్న ఒక మనిషి. రాత్రి భోజనాలయ్యాక వాకిట్లో కూర్చుని ఎక్కడికి పోవాలో మాట్లాడుకుంటారు. భివండీ నుంచి చిన్నాయన కొడుకు ఫోను చేశాడు. గోదావరిఖనిలో కాంట్రాక్టు పని ఇప్పిస్తానని బామ్మర్ది అంటున్నాడు. ఏజెంటు దగ్గర దుబాయి వీసా ఉంది. కంపెనీ వీసా కావాలంటే ఆలస్యం, ఆజాద్ వీసా అయితే తొందర. భార్య చాట ఒళ్ళో పెట్టుకుని బీడీలు చుడుతూ వింటూ ఉంటుంది. మగవాళ్ళంతా మాట్లాడటం అయిపోయాక ఆమె అంటుంది: ‘బొంబాయి పోతె మనిషత్తడు, దుబాయి పోతె పైసలత్తయి. ఏది గావాల్నో నన్నడుగుతున్రా, మీరే చెప్పుకుంటున్రా?’ కథ ఏ నిర్ణయమూ లేకుండానే ముగుస్తుంది.

నేను దాన్ని తిరస్కరించాను. మార్జినులో ఎర్రసిరాతో రాసిన మాటలు ఇవి: ‘పాత్ర వర్గ స్వభావానికి విరుద్ధం. కూలివానికి ఇంత మీమాంస ఎక్కడిది? పరిస్థితులు తరుముతాయి. ఇది మధ్యతరగతి ధోరణి. సంఘర్షణ లేదు, ముగింపు లేదు.’

మీమాంస ఎక్కడిదని అడిగానే, అదంతా ఆ పన్నెండు పేజీల్లోనే ఉంది. చదివే కన్ను నాకు లేదు. ఆ స్త్రీ బీడీలు చుడుతోంది. బీడీ పని అంటే కేవలం తునికాకు, తంబాకు కాదు. ఆమెకు అక్కడి కార్ఖానాలో పీఎఫ్ నంబరు ఉంది. ఆ లెక్కలో ఉంటేనే రేపు బీడీ కార్మికురాలిగా పింఛనుకు దారి. భర్తతో భివండీ పోతే ఆ నంబరు ఇక్కడ పడి ఉంటుంది. రేషను సంగతి కొంత మారింది. 2019 ఆగస్టులో ఆంధ్ర, తెలంగాణల మధ్య, మహారాష్ట్ర, గుజరాత్‌ల మధ్య మొదలైన ఏర్పాటు తరువాత దేశమంతా విస్తరించి, కార్డు మీది బియ్యం ఇతర రాష్ట్రాల్లోనూ తీసుకునే వీలు వచ్చింది. బియ్యం ఆమె వెంట పోగలదు, పీఎఫ్ లెక్కా పింఛను ఆశా ఊళ్ళోనే ఆగుతాయి. ఇంటి మనిషి దుబాయి పోయినా, బొంబాయి పోయినా, ఆ ఇల్లు ఊళ్ళో నిలబడేది ఆమె వేళ్ళ మీద. ఆ వేళ్ళను చూపించిన కుర్రవాడికి నేను సంఘర్షణ లేదని రాశాను.

ఆ మనిషి పదో తరగతి తప్పాడని కథలో ఒక్క వాక్యం ఉంది. అప్పుడు అది నాకు వ్యర్థ వాక్యంలా కనిపించింది. పదో తరగతి పాసు కాని వాడి పాసుపోర్టు మీద ఒక ముద్ర ఉంటుంది. గల్ఫు వంటి 18 దేశాలకు ఉద్యోగానికి పోవాలంటే వలస అధికారి అనుమతి తీసుకోవాలి. 1983 నాటి వలస చట్టం కింద ఏర్పడిన పద్ధతి అది. పాసైన వాడికి ఆ అడ్డు లేదు. రక్షణ కోసం పెట్టిన అడ్డు అది. కాని దాన్ని తప్పించుకోవడానికి విజిట్ వీసా మీద పంపే ఏజెంటు ఉన్నప్పుడు, ఏ రక్షణ అతనికి మిగిలింది? ఏజెంటు తీసుకోదగిన రుసుము 30 వేల రూపాయలకు మించరాదని నిబంధన ఉంది. మా ఊళ్ళో ఆ అంకె చెబితే నవ్వుతారు. అక్కడికి పోయాక కఫీల్ చేతిలో అకామా, ఆ అకామాతో ముడిపడిన నివాస హక్కు. పారిపోతే ఖల్లివల్లి. ఈ మాటలన్నీ మా జిల్లాలో చదువురాని ముసలమ్మలకు కూడా తెలుసు. తెలుగు ఎం.ఏ. చదివిన నాకు వాటిలో సాహిత్య వస్తువు కనిపించలేదు.

కువైట్ పోయే కడప, గోదావరి జిల్లాల స్త్రీల సంగతి ఇంకా చిక్కు. ఇంటిపనికి పోయే స్త్రీకి ముప్పై ఏళ్ళు నిండితేనే ఆ దేశాలకు అనుమతి. ఇరవై ఆరేళ్ళ ఆమె వయసు దిద్దించుకుని పోతే అది నేరం, పోకపోతే అప్పు. అసలు ఆడవాళ్ళ వలసను మనం వలసగానే లెక్కించలేదు. 2011 జనగణనలో పుట్టినచోటో, అంతకు ముందున్న చోటో విడిచి వచ్చినవారు దేశంలో దాదాపు 45 కోట్ల మంది. స్త్రీలలో అత్యధికుల కారణం పెళ్ళి. ఈ దేశపు అతి పెద్ద వలస మంగళవాద్యాలతో జరుగుతుంది. పి. సత్యవతి ‘ఇల్లలకగానే’లో పేరు మరిచిపోయిన గృహిణిని అందరూ అస్తిత్వ సమస్యగా చదివారు. ఆమె ఊరు మారిన మనిషి అని, పేరును వెదుక్కుంటూ వెనక్కి ప్రయాణం చేసిందని చదివితే ఆ కథ వలస సాహిత్యంలో మొదటి వరసలో నిలుస్తుంది.

ఇక ఎంచుకునే స్వేచ్ఛ ఉందనుకునే వారి సంగతి. అమెరికా తెలుగు కథల్లో ఏ ఊళ్ళో ఇల్లు కొనాలన్నది పెద్ద చర్చ: బడులు బాగుంటాయా, చలి ఎంత, గుడి ఎంత దూరం. చదివితే భూగోళమంతా వీళ్ళ ముందు పరిచిన పట్టిక అనిపిస్తుంది. కాని హెచ్-1బి మీద ఉన్నవాడి నివాసం యజమానితో ముడిపడి ఉంది. ఉద్యోగం పోతే అరవై రోజుల గడువు. ఒక్కొక్క దేశానికి ఏడు శాతం అన్న పరిమితి వల్ల గ్రీన్‌కార్డు వరస దశాబ్దాలు సాగుతుంది. 2025 సెప్టెంబరులో కొత్త దరఖాస్తులకు లక్ష డాలర్ల రుసుము ప్రకటించినప్పుడు, సెలవుకు ఇంటికి వచ్చినవాళ్ళు తమకు వర్తిస్తుందో లేదో తెలియక రాత్రికి రాత్రి టికెట్లు మార్చుకున్నారు. కఫీలూ ఇదీ ఒకటే అనడం అన్యాయం. ఎండలో కట్టడం మీద పనిచేసేవాడికీ, చల్లని గదిలో కూర్చునేవాడికీ పోలిక తెచ్చి వర్గభేదం చెరపరాదు. కాని యజమాని మారితే ఊరు మారే బతుకు ఇద్దరిదీ. ఈ సంగతి తెలిసీ దాచుకునే మనసును ప్రవాస కథ ఇంకా గట్టిగా పట్టుకోవలసి ఉంది. ఇంటి ముందు మంచు ఎంత అందంగా పడిందో చెప్పే పేజీలు తగ్గించుకుంటే అందుకు చోటు దొరుకుతుంది.

నిజంగా పట్టిక ముందేసుకుని ఎంచుకున్నవాళ్ళు లేకపోలేదు. నిజాంసాగరు 1931లో పూర్తయ్యాక నిజామాబాదుకూ, తుంగభద్ర ఆనకట్ట 1953లో పూర్తయ్యాక గంగావతి, సింధనూరు ప్రాంతాలకూ కోస్తా రైతులు పోయారు. డెల్టాలో ఒక ఎకరం అమ్మితే అక్కడ పలు ఎకరాలు వచ్చేవి. నీళ్ళు చూసి, నేల చూసి, ముందు ఒకరిని పంపి, తరువాత బంధువులు. క్యాంపులు వెలిశాయి. వాళ్ళ కష్టం చిన్నది కాదు. కాని వాళ్ళు ఎంచుకున్న నేలలో అంతకు ముందే మనుషులున్నారు. ఆ నేల అమ్ముకున్నవాడు ఎక్కడికి పోయాడు? ఒకడు చోటు ఎంచుకున్నప్పుడు మరొకడి చోటు కదులుతుంది. ఈ రెండో మనిషిని వదిలేసిన వలస కథ సగం కథే.

ఎంపిక అన్న మాటే ఉదారవాదుల మాట కదా, దాన్ని కూలివాడికి అంటగడితే దోపిడీని కప్పిపుచ్చినట్టు కాదా అని మిత్రులు అడగవచ్చు. అడిగారు కూడా. ‘పద్దెనిమిదో బ్రూమేర్’ మొదటి పేజీల్లో మార్క్సు చెప్పిన ప్రసిద్ధమైన మాటను మన వ్యాసాల్లో ఎన్నిసార్లు వాడుకున్నామో లెక్క లేదు. అందులో పరిస్థితులను మనిషి ఎంచుకోలేడన్న రెండో సగాన్నే పట్టుకున్నాం. చరిత్రను చేసేది మనుషులే అన్న మొదటి సగాన్ని సభల్లో నినాదంగా వాడి, కథల్లో వదిలేశాం. ఇంట్లో లెక్కలు వేసుకునే కూలివాడిని చూపితే దోపిడీ మరుగున పడదు. అతని లెక్కలోకి వచ్చే ప్రతి అంకె వెనకా ఒక షావుకారో, ఒక ఏజెంటో, ఒక చట్టమో, ఒక కంపెనీయో ఉంది. ఆ లెక్క వినిపిస్తే అవన్నీ వాటంతట అవే వేదిక మీదకు వస్తాయి. లెక్క లేకుండా కన్నీళ్ళే చూపితే పాఠకుడు జాలిపడి పుస్తకం మూస్తాడు.

ఆ కథలో లోపాలు లేవని కాదు. ఏజెంటు సినిమా ప్రతినాయకుడిలా మాట్లాడతాడు. వెన్నెల వర్ణన ఒకటిన్నర పేజీ, అనవసరం. ముగింపులో నిర్ణయం లేకపోవడాన్ని లోపమన్నాను, ఇప్పుడు అదే సరైన ముగింపు అనిపిస్తోంది. వెన్నెల మాత్రం తీసెయ్యాలనే ఇప్పటికీ నా మాట.

ఆ కుర్రవాడు తరువాత కథ రాయలేదు. బదిలీల వేసవిలో మా బడి రిజిస్టర్లు సర్దుతూ అతని తమ్ముడి టి.సి. నకలు చూశాను. విడిచి వెళ్ళుటకు కారణం అన్న గడిలో ‘తల్లిదండ్రుల వలస’ అని నా దస్తూరీతోనే ఉంది. ఎక్కడికన్న గడి ఆ కాగితంలో లేదు. తెలిసినవాళ్ళను అడిగి నంబరు సంపాదించాను. అతను మస్కట్‌లో ఒక గోదాములో లెక్కలు రాస్తున్నాడు. కథ సంగతి ఎత్తితే, ‘అది మీ దగ్గరే ఉండె గద సార్, నా దగ్గర కాపీ లేదు’ అన్నాడు. ఉంది. అచ్చు వేయడానికి అతను ఒప్పుకున్నాడు, వెన్నెల తీసెయ్యడానికి మాత్రం ఒప్పుకోలేదు. ఈ వ్యాసంతో పాటు ఆ పన్నెండు పేజీలనూ ఎర్రసిరా చెరపకుండా సంపాదకవర్గానికి పంపుతున్నాను.